కొత్తగా స్నోబోర్డు పట్టారా? ముందు స్క్రూడ్రైవర్ తీయండి

స్నోబోర్డు మీద మొదటిసారి నిలబడిన రోజు సాయంత్రానికి నాకు రెండు విషయాలు ఖాయమైపోయాయి. ఒకటి, బ్యాలెన్స్ అనేది నాకు పుట్టుకతోనే లేదు. రెండు, ఈ ఆట నాకు రాదు. మర్నాడు పక్కన కూర్చుని బూట్లు బిగించుకుంటున్న ఒకాయన నా బోర్డు వైపు చూసి, "నిన్నటి నుంచీ చూస్తున్నాను, మీరు జారేటప్పుడల్లా కుడికాలు ముందుకి తిప్పుకుంటున్నారు, మీ బైండింగులేమో ఎడమకాలు ముందుండేట్టు బిగించి ఉన్నాయి, పైగా వెనకదాని స్క్రూ ఒకటి సగం ఊడొచ్చింది" అన్నాడు. బైండింగులంటే బూట్లని బోర్డుకి పట్టి ఉంచే బిగింపులు. అది అద్దె బోర్డు. ఏ కాలు ముందని అద్దెకిచ్చినవాళ్లు అడగలేదు, నేనూ చెప్పలేదు, ఎందుకంటే అలాంటిదొకటి చెప్పాలని కూడా నాకు తెలియదు. పది నిమిషాలు స్క్రూడ్రైవర్ తిప్పాక అదే వాలు మీద పడటం ఆగలేదు గానీ, ఎందుకు పడుతున్నానో తెలియడం మొదలైంది.

కొత్తవాళ్లు "నాకు చేతకావట్లేదు" అనుకునే వాటిలో చాలావరకు బోర్డు సరిగ్గా అమర్చకపోవడం వల్ల వచ్చేవే. అందుకే ఇందులో ఎలా జారాలో చెప్పను, అది మంచు మీద నేర్పేవాళ్లు చెప్తారు. మంచు దగ్గరికి వెళ్లకముందు ఇంట్లో నేల మీద కూర్చుని చేయాల్సినవీ, తిరిగొచ్చాక చేయాల్సినవీ చెప్తాను.

ఏ కాలు ముందు?

ఎడమకాలు ముందుంటే రెగ్యులర్, కుడికాలు ముందుంటే గూఫీ. గూఫీ అన్న పేరు విని అదేదో లోపం అనుకోవద్దు, బోలెడంత మంది గూఫీయే. మీరు ఏ చేత్తో రాస్తారన్నదానికీ దీనికీ ముడి పెట్టక్కర్లేదు. నున్నటి నేల మీద సాక్సులతో నాలుగడుగులు పరిగెత్తి పక్కకి తిరిగి జారండి, ఆలోచించకుండా ఏ కాలు ముందుకి వెళ్లిందో చూడండి. లేదా ఎవరినైనా చెప్పకుండా వెనక నుంచి మెల్లగా తోయమనండి, పడకుండా ఆపుకోవడానికి ఏ కాలు ముందుకేస్తారో అదే ముందుకాలు అయ్యే అవకాశం ఎక్కువ. ఇవేవీ కచ్చితమైన పరీక్షలు కావు. తేలకపోతే పొద్దున ఒకలా, మధ్యాహ్నం ఒకలా జారి చూడండి, శరీరమే చెప్పేస్తుంది.

బోర్డు పొడవు గురించి ఎక్కువ చెప్పను. నిలబెడితే గడ్డానికీ ముక్కుకీ మధ్య వరకూ రావాలన్న పాత లెక్క ఒకటుంది, అది ఉజ్జాయింపు మాత్రమే, అసలు చూడాల్సింది మీ బరువు. ప్రతి బోర్డుకీ తయారీదారు ఏ పొడవుకి ఎంత బరువు సరిపోతుందో పట్టిక ఇస్తాడు, అది చూడండి. మెత్తగా వంగే బోర్డు తీసుకోండి. గట్టి బోర్డు వేగంలో బాగుంటుంది, మెల్లగా వెళ్లేవాడి మాట మాత్రం వినదు. ఇంకొకటి వెడల్పు: పాదం 28.5, 29 సెంటీమీటర్లు దాటినవాళ్లు వైడ్ అని రాసున్న బోర్డులు చూడాలి, లేకపోతే బూటు ముందుభాగం బయటికి పొడుచుకొచ్చి, మలుపులో బోర్డు ఒరిగినప్పుడు మంచుకి రాసుకుని ఎత్తి పడేస్తుంది.

డబ్బు పెట్టేదుంటే ముందు బూట్ల మీద పెట్టండి

బోర్డు, బైండింగులు, బూట్లు, ఈ మూడింట్లో ఒక్కటే కొనగలిగితే బూట్లు కొనుక్కుని మిగతావి అద్దెకి తీసుకోమనే నా సలహా. బోర్డు కొంచెం అటూ ఇటూ అయినా సర్దుకుపోతాం, చెప్పులో రాయి ఉంటే ఎంత దూరం నడుస్తాం చెప్పండి.

స్నోబోర్డు బూట్ల సైజు సెంటీమీటర్లలో ఉంటుంది, మాండో అంటారు. గోడకి మడమ ఆనించి నిలబడి, బొటనవేలి చివరి వరకూ కొలవండి, 27 సెంటీమీటర్లు వస్తే మీ మాండో సైజు 27. సాయంత్రం కొలవడం మంచిది, అప్పటికి పాదాలు కాస్త ఉబ్బి ఉంటాయి. రెండు కాళ్లూ కొలిచి పెద్దదాన్ని లెక్కలోకి తీసుకోండి. మామూలు షూ సైజు చెప్పి కొనేయడం వల్లే చాలామంది ఒక సైజు పెద్దవి కొంటారు, వేసుకున్నప్పుడు హాయిగా ఉంటాయి, అదే మోసం. సరైన బూటు వేసుకుని నిటారుగా నిలబడితే వేళ్లు ముందు గోడని తాకుతూ ఉండాలి, మోకాళ్లు వంచితే అవి కొంచెం వెనక్కి రావాలి. వేళ్లు మడుచుకుపోతే చిన్నది. మునివేళ్ల మీద లేచినప్పుడు బూటు లోపల మడమ పైకి జారుతుంటే పెద్దది. ఇక్కడ మొహమాటం వద్దు, మడమ కదిలితే ఆ బూటు వదిలేయండి, ఎందుకంటే మడమ లేచిన ప్రతిసారీ మీరు కాలితో చెప్పినమాట బోర్డుకి ఆలస్యంగా చేరుతుంది. కొత్త బూటు లోపలి మెత్తటి పొర వాడేకొద్దీ అణిగి, కొంచెం వదులవుతుంది కాబట్టి మొదట్లో కాస్త బిగుతుగా ఉన్నా భయపడొద్దు.

సాక్సులు ఒక్క జతే. చలి అని రెండు వేసుకుంటే మడతలు పడి, రక్తం ఆడక కాళ్లు ఇంకా చల్లబడతాయి. ఊలుగానీ సింథటిక్‌గానీ వేసుకోండి, కాటన్ వద్దు, చెమట పీల్చుకుని తడిగానే ఉండిపోతుంది.

బైండింగులు బిగించడం

బోర్డు పైన వరసగా స్క్రూ రంధ్రాలు ఉంటాయి. ఎక్కువ బోర్డుల్లో అవి 4 సెంటీమీటర్ల చదరాలుగానో, లేదా 2 సెంటీమీటర్ల ఎడంతో దగ్గర దగ్గరగానో ఉంటాయి. బర్టన్ బోర్డుల్లో మాత్రం రంధ్రాల బదులు ఛానెల్ అనే పొడవాటి గాడి ఉంటుంది. బైండింగు మధ్యలో ఉండే గుండ్రటి డిస్క్ మీ బోర్డుకి సరిపోతుందో లేదో కొనేముందే చూసుకోవాలి, ఎక్కువ బైండింగులకి రెండింటికీ పనికొచ్చే డిస్కులు వస్తాయి, అయినా అడిగి తీసుకోండి.

మూడు నంబరు ఫిలిప్స్ స్క్రూడ్రైవర్ కావాలి. ఇంట్లో ఉండే మామూలు రెండు నంబరుది పెడితే తిరుగుతుంది గానీ స్క్రూ తల అరిగిపోతుంది, ఆ తర్వాత దాన్ని ఊడదీయడం పెద్ద తలనొప్పి. కరెంటు డ్రిల్లుతో అస్సలు బిగించొద్దు. బోర్డు లోపల స్క్రూ ఎక్కే మరలు పాడైతే వాటిని బాగుచేయడం ఇంట్లో అయ్యే పని కాదు. బైండింగుతో వచ్చిన స్క్రూలే వాడండి, వేరే చోట దొరికిన కాస్త పొడవైనది వేస్తే అది అడుగు దాకా పోయి బోర్డు కింద బుడిపెలా పొడుచుకొస్తుంది.

మొదట బోర్డు ముందుకొన ఎటో చూసుకోండి, కొత్తవాళ్లు తలకిందులుగా బిగించడం నేను చాలాసార్లు చూశాను. తర్వాత కాళ్ల మధ్య ఎడం. బోర్డు మీద తయారీదారు గీతతోనో చుక్కతోనో గుర్తుపెట్టిన చోటు ఉంటుంది, దాన్ని రిఫరెన్స్ స్టాన్స్ అంటారు, మొదట అక్కడే పెట్టండి. అది మీ భుజాల వెడల్పుకి సమానంగానో, కొంచెం ఎక్కువగానో ఉంటే చాలు. మరీ ఎడంగా ఉంటే మోకాళ్లు నొప్పులు, మరీ దగ్గరగా ఉంటే నిలకడ ఉండదు. మార్చాల్సి వస్తే రెండు బైండింగుల్నీ సమానంగా మార్చండి, ఒకదాన్నే జరిపితే మీరు బోర్డు మధ్యలో కాకుండా ఒక పక్కకి వచ్చేస్తారు.

ఇక కోణాలు. బోర్డుకి సరిగ్గా అడ్డంగా కాలు ఉంటే అది 0 డిగ్రీలు. వేళ్లు ముందుకొన వైపు తిరిగితే ప్లస్, వెనక్కి తిరిగితే మైనస్. డిస్క్ మీద గీతలు మామూలుగా 3 డిగ్రీల తేడాతో ఉంటాయి. కొత్తవాళ్లకి ముందుకాలు ప్లస్ 15, వెనకకాలు మైనస్ 6 దగ్గర మొదలుపెట్టమంటాను. రెండు కాళ్లూ బాతు పాదాల్లా బయటికి తిరిగి ఉంటాయి కాబట్టి దీన్ని డక్ స్టాన్స్ అంటారు. ఏ నంబరు మంచిదని వాదించుకునేవాళ్లు చాలామంది ఉన్నారు గానీ ఒక చిన్న పని చేయండి: నేల మీద కళ్లు మూసుకుని రెండుసార్లు ఎగిరి దిగండి, మోకాళ్లు కాస్త వంచి నిలబడి, పాదాలు ఎలా పడ్డాయో చూడండి. మోకాలు వంగినప్పుడు అది బొటనవేలి వైపే వెళ్తుంటే ఆ కోణం మీదే. మోకాలు లోపలికి తిరిగితే కోణం మార్చాలి, లేదంటే సాయంత్రానికి అదే గుర్తుచేస్తుంది.

ఎక్కువమంది వదిలేసేది దీని తర్వాతి మెట్టే. బూటుని బైండింగులో పెట్టి, స్ట్రాపులు బిగించి, పైనుంచి చూడండి. వేళ్ల వైపు బూటు బోర్డు అంచు దాటి ఎంత బయటికొచ్చిందో, మడమ వైపు కూడా అంతే రావాలి. ఒక్కోవైపు ఒకటి రెండు సెంటీమీటర్లు వస్తే ఫరవాలేదు. ఒకవైపే ఎక్కువగా ఉంటే మీరు ఎంత నేర్చుకున్నా ఒక మలుపు తేలిగ్గా, రెండోది మొండిగా ఉంటుంది, తప్పు మీదని మీరనుకుంటారు. డిస్క్‌లో స్క్రూలు కూర్చునే పొడవాటి గాళ్లు ఉంటాయి, ఆ గాళ్లు బోర్డుకి అడ్డంగా వచ్చేలా డిస్క్‌ని తిప్పి పెడితే బైండింగుని వేళ్ల వైపుకీ మడమ వైపుకీ జరపొచ్చు. గాళ్లు బోర్డు పొడవునా ఉంటే జరిగేది కాళ్ల మధ్య ఎడం. ఈ ఒక్క కిటుకు నాకు రెండేళ్ల తర్వాత తెలిసింది.

బిగించేటప్పుడు నాలుగు స్క్రూల్నీ ముందు వేళ్లతో మొదలుపెట్టి, తర్వాత ఎదురెదురుగా కొంచెం కొంచెం బిగించండి. చేతి బలంతో గట్టిగా ఆగేదాకా చాలు. స్క్రూలు వదులవుతున్నాయని మార్కెట్లో దొరికే ఏదో జిగురు వేయకండి, వాటిలో కొన్ని ప్లాస్టిక్ బైండింగుని పెళుసుగా చేసి పగలగొడతాయి.

బైండింగు వెనక నిలబడి ఉండే పలకని హైబ్యాక్ అంటారు. దాన్ని ముందుకి వంచే చిన్న మీట ఉంటుంది, మొదట్లో దాన్ని సున్నా దగ్గరే ఉంచండి, ముందుకి వంచితే పిక్కలు మండిపోతాయి. చీలమండ స్ట్రాపు బూటు మధ్యకి రావాలి, వేళ్ల స్ట్రాపు బూటు కొనకి టోపీలా కూర్చోవాలి. రెండు వైపులా పొడవు సర్దుకునే స్క్రూలు ఉంటాయి, ఇంట్లోనే సర్దుకోండి, మంచులో గ్లౌజులు తీసి చేయడం నరకం.

మంచు మీద మొదటి రోజు

జేబులో చిన్న స్క్రూడ్రైవర్ ఒకటి, స్పేరు స్క్రూలు రెండు ఉంచుకోండి. రెండు మూడుసార్లు కిందికి జారాక మళ్లీ అన్ని స్క్రూలూ చూడండి, కొత్తగా బిగించినవి మొదటి రోజే వదులవుతాయి. బోర్డు ఊగుతున్నట్టు, లేదా కాలు కింద టిక్ టిక్ మన్నట్టు అనిపిస్తే అక్కడే ఆగండి. వాలు మీద బోర్డుని కింద పెట్టాల్సి వస్తే బైండింగులు మంచు వైపు ఉండేలా బోర్లా పెట్టండి, లేకపోతే అది మీరు లేకుండానే కిందికి వెళ్తుంది, దాని దారిలో ఎవరున్నారో దానికి పట్టదు. హెల్మెట్ సంగతి చెప్పక్కర్లేదు గానీ మణికట్టుకి గార్డులు కూడా పెట్టుకోండి, పడినప్పుడు చెయ్యి ఆనించే అలవాటు వల్ల కొత్తవాళ్లకి ఎక్కువగా దెబ్బ తగిలేది అక్కడే. కోణాలు మార్చాలనిపిస్తే ఒకసారికి ఒక్కటే మార్చండి, కోణమూ ఎడమూ హైబ్యాకూ కలిపి మార్చేస్తే ఏది పనిచేసిందో తెలియదు.

ఇంటికొచ్చాక

పాత గుడ్డతో బోర్డు తుడవండి. ముఖ్యంగా చుట్టూ ఉండే ఉక్కు అంచులు, వాటినే ఎడ్జిలంటారు. తడి బోర్డుని బ్యాగులో పెట్టి జిప్పు వేసేస్తే రెండు రోజుల్లో నారింజరంగు తుప్పు పడుతుంది. పైపైన పట్టిన తుప్పు రబ్బరు రాయితో రుద్దితే పోతుంది, కంగారు పడక్కర్లేదు. బూట్లలో లోపలి లైనరు బయటికి తీసి ఆరబెట్టండి. హీటరు పక్కనా, మంట దగ్గరా పెట్టొద్దు, లైనరు ఆకారం పాడవుతుంది, జిగురు కూడా వదిలేస్తుంది. గాలి ఆడేచోట రాత్రంతా ఉంచితే చాలు.

వ్యాక్స్

బోర్డు అడుగుభాగం పాలిథిలీన్ అనే ప్లాస్టిక్. దానికి వ్యాక్స్ పట్టిస్తేనే సరిగ్గా జారుతుంది. వ్యాక్స్ అనేది వేగం కోరుకునేవాళ్లకే అని కొత్తవాళ్లు అనుకుంటారు, నిజానికి మనకే ఎక్కువ అవసరం. ఎండిపోయిన బోర్డు చదునైన చోట ఆగిపోతుంది, అందరూ జారుకుంటూ వెళ్లిపోతుంటే మనం ఒక కాలు విప్పి తోసుకుంటూ నడవాలి. నాలుగైదు రోజులు వాడాక ఒకసారి వేయండి. అడుగున, ముఖ్యంగా అంచుల దగ్గర తెల్లగా, పొడిబారినట్టు కనిపిస్తే ఆలస్యమైందని అర్థం.

ముందు బైండింగులు తీసేయండి, లేదా కనీసం స్క్రూలు వదులు చేయండి. ఐరన్ వేడికి బిగుసుకున్న స్క్రూల చోట అడుగు లోపలికి గుంట పడే ప్రమాదం ఉంది. అడుగు శుభ్రంగా తుడిచి, పూర్తిగా ఆరనివ్వండి. బోర్డుల కోసమే అమ్మే ఐరన్ మంచిది. పాత బట్టల ఐరన్ అయితే ఆవిరి లేనిది చూడండి, ఒకసారి వ్యాక్స్ అంటాక దాన్ని మళ్లీ బట్టల మీద పెట్టొద్దు. వేడి ఎంతన్నది వ్యాక్స్ ప్యాకెట్ మీదే రాసి ఉంటుంది, ఎక్కువ వాటికి 120 నుంచి 140 డిగ్రీల సెల్సియస్ మధ్య సరిపోతుంది. పొగ వస్తే వేడి ఎక్కువైనట్టే, వెంటనే తగ్గించండి. కిటికీలు తెరిచి పెట్టుకోండి.

వ్యాక్స్ కడ్డీని ఐరన్‌కి ఆనించి, చుక్కలు చుక్కలుగా అడుగంతా పడేలా చేయండి, అంచుల దగ్గర కాస్త ఎక్కువ. తర్వాత ఐరన్‌ని ముందుకొన నుంచి వెనక్కి మెల్లగా, ఎక్కడా ఆపకుండా జరపండి. ఐరన్ ఒకేచోట ఆగిందా, అడుగు కాలిపోయినట్టే. వెనక నాలుగైదు అంగుళాల మేర తడిగా మెరిసే గీత కనిపిస్తుంటే వేగం సరిగ్గా ఉన్నట్టు. మధ్యమధ్యలో బోర్డు పైభాగాన్ని చేత్తో తాకి చూడండి, గోరువెచ్చగా ఉండాలి, చుర్రుమంటే ఆపేయండి.

ఇప్పుడు కష్టమైన పని: ఏమీ చేయకుండా ఉండటం. కనీసం అరగంట, గంటైతే ఇంకా మంచిది, మామూలు గదిలో చల్లారనివ్వండి. తొందరగా చల్లారాలని బయట చలిలో పెట్టొద్దు. తర్వాత ప్లాస్టిక్ స్క్రేపరుతో ముందు నుంచి వెనక్కి గీకేయండి. ఎంత గీకాలంటే, ఇక ఏమీ రావట్లేదు అనిపించేదాకా. వేసిందంతా గీకి పారేయడమేంటని నాకూ బాధేసింది, కానీ పనిచేసేది లోపలికి ఇంకిన వ్యాక్సే, పైన మందంగా మిగిలింది మంచులో జిడ్డులా పట్టి లాగుతుంది. చివర్లో నైలాను బ్రష్‌తో అదే దిశలో పది పదిహేనుసార్లు రుద్దండి. ఇల్లంతా తెల్లటి పొడి పడుతుంది, కింద పాత దుప్పటి పరుచుకోండి, నా మాట వినండి.

ఏ వ్యాక్స్ కొనాలి అంటే, అన్ని ఉష్ణోగ్రతలకీ పనికొచ్చే యూనివర్సల్ రకం తీసుకోండి. ఫ్లోరిన్ కలిపినవి మనకి అక్కర్లేదు, పర్యావరణానికి చెడ్డవని అంతర్జాతీయ స్కీ సమాఖ్య 2023-24 సీజన్ నుంచి తన పోటీల్లోనే వాటిని నిషేధించింది.

ఎడ్జిలు, గీతలు

ఎడ్జిలకి పదును పెట్టే పని మొదటి సీజన్‌లో దుకాణంలో చేయించండి. ఆకురాయి కోణం కొంచెం తప్పితే ఉక్కు పోతుంది, పోయింది మళ్లీ రాదు. మీరు చేయాల్సింది ఒక్కటే: రాయికి తగిలినచోట గరుకుగా లేచిన పొక్కుల్ని చిన్న డైమండ్ రాయితో, అంచు పొడవునా మెల్లగా రుద్ది నున్నగా చేయడం. పదును ఉందో లేదో చూడటానికి వేలిని అంచు వెంట జరపకండి, తెగుతుంది. గోటిని అడ్డంగా గీస్తే సన్నటి పొట్టు రావాలి, అంతే.

అడుగున పడే సన్న గీతల్ని పట్టించుకోవద్దు. గోరు దిగేంత లోతు గీత అయితే పీటెక్స్ అనే ప్లాస్టిక్ కడ్డీని వెలిగించి, చుక్కలుగా గీతలో నింపి, చల్లారాక చదునుగా గీకేయొచ్చు. లోపలి చెక్క కనిపిస్తుంటే మాత్రం అది మీ పని కాదు. నీళ్లు చెక్కలోకి వెళ్తే ఉబ్బి పొరలు విడిపోతాయి, ఆ రోజుకి జారడం ఆపి బాగుచేయించండి. ఎడ్జి పగిలినా, బోర్డు పక్కభాగం తెరుచుకున్నా అదే మాట.

సీజన్ అయిపోయాక

బోర్డుని శుభ్రం చేసి, ఆరబెట్టి, వ్యాక్స్ మందంగా వేసి, ఈసారి గీకకుండా అలాగే వదిలేయండి, అంచుల మీద కూడా కాస్త పట్టేలా. అడుగు ఎండిపోదు, ఉక్కు తుప్పు పట్టదు. బైండింగులు తీసి, స్క్రూలన్నీ ఒక కవర్లో వేసి దాన్ని బైండింగు స్ట్రాపుకే కట్టేయండి, లేకపోతే ఆరు నెలల తర్వాత ఇల్లంతా వెతుకుతారు. బోర్డు మీద బరువులు పెట్టొద్దు, తడి నేల మీదా ఎండ తగిలే చోటా ఉంచొద్దు. బూట్లు లేసులు వేసి, ఆకారం చెడకుండా నిలబెట్టి దాచండి. కోణాలూ కాళ్ల ఎడమూ ఒక చీటీ మీద రాసి ఆ స్క్రూల కవర్లోనే పడేయండి. వచ్చే సీజన్‌లో బోర్డు బయటికి తీసినప్పుడు ముందు ఆ మందపాటి వ్యాక్స్ గీకేయడం మర్చిపోవద్దు, నేను ఒకసారి మర్చిపోయి, వాలు పైకి తీసుకెళ్లే లిఫ్ట్ దిగిన చోటే అరగంట నిలబడిపోయాను.